ఇంటి స్విమ్మింగ్ పూల్: కాంక్రీటా, ఫైబర్‌గ్లాసా? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల ఇళ్లకూ ఫామ్‌హౌస్‌లకూ పూల్స్ కట్టించే పనిలో ఉన్నాను. కాంక్రీటువీ కట్టాను, ఫైబర్‌గ్లాస్‌వీ దించాను, రెండింట్లోనూ దెబ్బలు తిన్నాను. ఫోన్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఒక్కచోట జవాబులు రాసి పెడుతున్నాను.

రెండింట్లో ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో కుదరదు. ముందు మీరే నాకు మూడు సంగతులు చెప్పాలి. మీ జాగ చెరువు కిందా, మెట్ట మీదా? నాలుగడుగులు తవ్వితే ఏం తగులుతుంది? గేటు దాకా పెద్ద లారీ, క్రేన్ వస్తాయా? ఈ మూడూ తెలిస్తే సగం తేలిపోయినట్టే. చాలామంది టైల్స్ రంగు ముందే ఖాయం చేసుకుని వస్తారు. గుంత తవ్వాక నేల తన సంగతి తాను చెబుతుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

మరీ పట్టుబడితే నా లెక్క ఇది. మెట్ట మీద ఎర్ర నేల, రోడ్డు వెడల్పు, ఇరవై అడుగుల పూల్ చాలు అనుకుంటే ఫైబర్‌గ్లాస్. చెరువు కింద జాగ అయినా, బండ ఉన్నా, ఇల్లు సందులో ఉన్నా కాంక్రీటు.

ఫైబర్‌గ్లాస్ అంటే పెద్ద ప్లాస్టిక్ తొట్టేనా?

చూడటానికి తొట్టే, మా లేబర్ కూడా అలాగే పిలుస్తారు. కానీ మేడ మీద పెట్టుకునే నీళ్ల ట్యాంకు ప్లాస్టిక్ వేరు, ఇది వేరు. ఫ్యాక్టరీలో అచ్చు మీద ముందు జెల్‌కోట్ అనే నున్నటి పొర కొడతారు. దాని మీద గాజుపీచు మ్యాట్ పరుస్తూ, రెజిన్ పూస్తూ పొరలు పొరలుగా మందం తెస్తారు. గట్టిపడ్డాక అచ్చు నుంచి ఊడదీసి లారీ ఎక్కిస్తారు. ఈ తొట్టినే షెల్ అంటాం. పడవలు చేసేదీ ఈ పద్ధతిలోనే.

ఆ గోడ మందం మాత్రం అంగుళంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ, అంతే. లోపలి నీళ్లు బయటికి తోస్తాయి, బయటి మట్టి లోపలికి తోస్తుంది. ఈ రెండూ సరితూగినంత కాలం షెల్‌కు ఢోకా లేదు. అందుకే దించేటప్పుడు లోపల అడుగు నీళ్లు పడితే బయట అడుగు ఫిల్లింగ్ పడాలి, మళ్లీ అడుగు నీళ్లు, మళ్లీ అడుగు ఫిల్లింగ్. తొందరపడి ముందే మట్టి దొబ్బిస్తే గోడ లోపలికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఇక పోదు. తవ్విన మట్టినే చుట్టూ పూడ్చడం ఇంకో పొరపాటు. క్రషర్ డస్ట్‌లో (రాతిపొడిలో) కొద్దిగా సిమెంటు కలిపి గాని, సన్న కంకరతో గాని నింపాలి. కొటేషన్‌లో ఈ ఫిల్లింగ్ ఖర్చు ఎవరి మీద ఉందో చూసుకోండి.

కాంక్రీటు అంత ఎందుకు? ఇటుక గోడ కట్టి లోపల ప్లాస్టరింగ్ చేస్తే చవక కదా?

మేస్త్రీలు ఎక్కించే మాట ఇది. "సంపు కడతలేమా సార్, గిది గంతే" అంటారు. సంపు చిన్నది, మీద స్లాబు ఉంటుంది, నాలుగు గోడలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పూల్ గోడ ఇరవై అడుగుల పొడవు, పైన పట్టుకునేది ఏమీ లేదు. నీళ్లు తీసేసిన రోజు వెనకనున్న తడి మట్టి బరువంతా దాని మీదే. ఇటుక గోడ తోపుకు తట్టుకోదు.

అడుగూ గోడలూ రెండూ ఆర్‌సీసీయే ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మందం, రెండు వరసల స్టీలు, ఎం25 గ్రేడుకు తగ్గని కాంక్రీటు. లోతును బట్టి, నేలను బట్టి స్టీలు డ్రాయింగ్ ఇంజినీరు చేత గీయించాలి. అడుగు స్లాబు ఒకరోజు, గోడలు మరోరోజు పోస్తారు కాబట్టి ఆ జాయింటులో పీవీసీ వాటర్ స్టాపర్ పట్టీ పెట్టాలి. నా మొదటి పూల్‌లో ఒక మూల ఆ పట్టీ పోత సమయంలో మడత పడిపోయింది, నేను చూసుకోలేదు. టైల్స్ అన్నీ అయ్యాక ఆ మూల నుంచే చెమ్మ. రెండు చదరపు మీటర్ల టైల్స్ పగలగొట్టి, నా చేతి డబ్బు పెట్టుకుని మళ్లీ చేశాను. అప్పటి నుంచి టైల్స్ డబ్బా తెరవకముందే పూల్ నిండా నీళ్లు పెట్టి నీటిమట్టం దగ్గర గీత గీసి వారం రోజులు చూస్తాను. మీ కాంట్రాక్టర్ ఈ పరీక్ష దాటేసి టైల్స్‌కు పోతుంటే ఆపండి.

వీడియోల్లో పైపుతో కాంక్రీటు చల్లడం చూసి అడిగేవాళ్లున్నారు. అది షాట్‌క్రీట్. మంచి పద్ధతే, కానీ దానికి మిషనూ కావాలి, చేయి తిరిగిన మనిషీ కావాలి. ఒక్క ఇంటి పూల్ కోసం తెప్పిస్తే గిట్టదు. మన దగ్గర సెంట్రింగ్ కొట్టి పోయడమే.

మాది నల్లరేగడి. ఏది ఆగుతుంది?

రెండూ ఆగుతాయి, నల్లమట్టిని పూల్‌కు తగలనివ్వకపోతే. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. మే నెలలో పత్తి చేను గట్టు మీద నిలబడి చూడండి, నెర్రెలో అరచేయి దూరుతుంది. ఏటేటా అలా కదిలే మట్టి గోడను ఆనుకుని ఉంటే కాంక్రీటైనా పగులుతుంది, షెల్ అయినా వంకర పోతుంది.

పద్ధతి ఏమిటంటే, అవసరానికి మించి తవ్వించి కింద అడుగున్నర, రెండడుగుల మొరం పరిచి రోలర్‌తోనో ర్యామర్‌తోనో గట్టి చేయాలి. చుట్టూ కూడా నల్లమట్టి తీసేసి మొరం నింపాలి. కదిలే నేలకూ కట్టడానికీ మధ్య కదలని పొర ఒకటి ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1213 నాటి రామప్ప గుడి పునాది కింద ఇసుక పోసి కట్టారని చెబుతారు. మనం పూల్ గట్టుకు మొరం మోయడానికి గునుస్తున్నాం.

ఈ నేలలో పూల్ గట్టు చుట్టూ మూడడుగుల వెడల్పున బెడ్ కాంక్రీటు చేసి, నీళ్లు పూల్ వైపు కాకుండా బయటికి వాలేలా వాలు ఇవ్వండి. ఆ పక్కనే అరటి, కొబ్బరి పెట్టి రోజూ తడపకండి.

బండ తగిలితే?

హనుమకొండలో, మడికొండ వైపు ఇది మామూలే. ఊరి మధ్య మందుగుండు పెట్టనివ్వరు. బ్రేకర్ పెట్టాలి, గంటల లెక్కన బిల్లు. ఫైబర్‌గ్లాస్ షెల్‌కు గుంత దాని ఆకారం కంటే అన్ని వైపులా అడుగు ఎక్కువే కావాలి, అడుగు చదునుగా ఉండాలి. అంటే బండను అంతా కొట్టాల్సిందే. కాంక్రీటుకు ఆ పట్టింపు తక్కువ. బండ ఎంత వరకు వస్తే అంత లోతే పెట్టుకుని మిగిలింది నేల పైకి లేపొచ్చు. రెండడుగులు పైకి లేచిన గట్టు మీద కూర్చోవడానికి కూడా బాగుంటుంది. అయితే పైకి లేచిన గోడకు వెనక మట్టి ఆసరా ఉండదు, స్టీలు డ్రాయింగ్‌లో ఆ సంగతి ముందే చెప్పాలి.

తవ్వకం రేటు మాట్లాడుకునేటప్పుడే "బండ తగిలితే గంటకు ఎంత" అన్నది రాయించుకోండి. తగిలాక మాట్లాడితే రేటు వాళ్లది.

మా ప్లాట్ చెరువు కింద వెంచర్‌లో. నీళ్లు నిలుస్తాయని అంటున్నారు. ఫైబర్‌గ్లాస్ వద్దంటారా?

వద్దనే అంటాను. ఎందుకో చెప్పాలంటే నాకు జరిగింది చెప్పాలి.

ఒక చెరువు ఆయకట్టు కింద, ఒకప్పుడు వరి మళ్లు ఉన్న జాగలో ఫామ్‌హౌస్. వేసవిలో తవ్వాం, గుంత పొడి. ఇరవై బై పది అడుగుల షెల్ దించాం, అంతా బాగుంది. ఆగస్టులో నాలుగు రోజుల ముసురు. ఇంట్లో ఫంక్షన్ ఉందని, నీళ్లు పచ్చబడ్డాయని, నన్ను అడగకుండా పనివాళ్లు మోటరు పెట్టి పూల్ ఖాళీ చేశారు. పొద్దున ఆరింటికి ఫోన్. "సార్, తొట్టి లేసింది."

వెళ్లి చూస్తే షెల్ ఒక పక్క జానెడు పైకి వచ్చి ఉంది. అంచు రాళ్లు పళ్ల వరసలా వంకరపోయాయి. నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్ పైపు కీలు దగ్గర విరిగి బురద నీళ్లు బుడబుడ వస్తున్నాయి. తప్పు వాళ్లదని అనలేను. ఖాళీ చేయకూడదని నేను గట్టిగా చెప్పలేదు, పక్కన నీటిమట్టం చూసే గొట్టం పెట్టలేదు.

లెక్క చూడండి. ఆ సైజు షెల్ అడుగు మీదికి బయటి భూగర్భ జలం రెండడుగులు ఎక్కితే, ఆ నీళ్లు పైకి తోసే బలం దాదాపు 11 టన్నులు. షెల్ బరువు టన్నుకు లోపే. నిండా ఉన్నప్పుడు లోపల 22 టన్నుల నీళ్లు దాన్ని అణిచి ఉంచుతాయి. ఖాళీ చేస్తే అది గంగాళంలో తేలే చెంబు. కాంక్రీటుదైతే అదే సైజుకు 15 టన్నుల పైమాటే, కాబట్టి తట్టుకుంటుంది. కానీ కాంక్రీటు లేవదని కాదు. నీళ్లు ఇంకో అడుగు ఎక్కితే అదీ లేస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లు దాటి కురిసింది. మన దగ్గర అలాంటి వాన రాదనుకుని కట్టే రోజులు పోయాయి.

అయినా ఫైబర్‌గ్లాసే కావాలంటే ఇవి చేయాలి. షెల్ కింద కంకర పొర, అందులో చిల్లుల పైపు. ఆ పైపు ఒక మూల నిలువు గొట్టంలోకి రావాలి, ఆ గొట్టంలో చిన్న మోటరు దించి నీళ్లు తోడేందుకు వీలుండాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఖాళీ చేయకూడదు, ఎవరు చెప్పినా సరే. మా వాచ్‌మన్‌లకు చదువుతో పని లేకుండా గొట్టం మీద ఎర్ర రంగు గీత వేయిస్తున్నాను. నీళ్లు గీత దాటితే పూల్ మోటరు ముట్టుకోవద్దు.

నీళ్లు ఊరతాయా లేదా తెలుసుకోవడానికి జియాలజిస్టు అక్కర్లేదు. పక్క రైతు బాయి దగ్గరికి వెళ్లి, దసరా టైమ్‌కు నీళ్లు ఎంత పైకి వస్తాయో అడగండి.

ఈశాన్యంలోనే పెట్టాలా?

ఇంట్లో పెద్దలు నమ్మితే ఈశాన్యంలోనే పెట్టుకోండి, దానితో నాకు గొడవ లేదు. నేను చూసేవి వేరు. సెప్టిక్ ట్యాంకుకు దూరం, పెద్ద చెట్టు కొమ్మలకు దూరం, పొద్దున ఎండ. వేప కింద పూల్ పెట్టుకున్నవాళ్లు ఫాల్గుణంలో ఆకులు ఏరలేక నన్ను తిడతారు.

ఏది చవక?

చదరపు అడుగుకు ఇంత అని ఫోన్లో చెప్పేవాళ్లను నమ్మకండి. షెల్ ధర ఒక్కటే చూస్తే ఫైబర్‌గ్లాస్ చవకగా కనిపిస్తుంది. దానికి లారీ కిరాయి, క్రేన్, తవ్వకం, ఫిల్లింగ్, గట్టు, పంపు, ఫిల్టరు, కరెంటు పని, జీఎస్టీ కలపాలి. కాంక్రీటు కొటేషన్‌లో స్టీలు, సిమెంటు కనిపిస్తాయి. వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అతికించే గమ్, టైల్స్ సందులు నింపే ఎపాక్సీ గ్రౌట్, క్యూరింగ్ మనిషి కూలి కనిపించవు. రెండు కొటేషన్లనూ ఒకే కాగితం మీద ఒకే వరసలో రాసి పెట్టుకుంటే ఎవరు ఏం దాచారో బయటపడుతుంది.

చిన్న పూల్‌కు చివరికి రెండూ దగ్గర దగ్గరగానే వస్తాయి. పెద్దవి, వంకరటింకర ఆకారాలవి, ఓవర్‌ఫ్లో అంచువి అయితే కాంక్రీటే, దానికి పోటీ లేదు. ఓవర్‌ఫ్లో అంటే నీళ్లు అంచు మీదుగా పొర్లేది, ఆ నీళ్లు పట్టడానికి పక్కన బ్యాలెన్సింగ్ ట్యాంకు కూడా కట్టాలి, మరిచిపోవద్దు.

తర్వాతి ఖర్చులో తేడా ఉంది. షెల్ నున్నగా ఉంటుంది కాబట్టి పాచి తక్కువ పడుతుంది, రుద్దుడు తక్కువ, క్లోరిన్ తక్కువ. టైల్స్ మధ్య గ్రౌట్‌లో పాచి ఇల్లు కట్టుకుంటుంది. మరోవైపు కాంక్రీటులో ఒక టైలు ఊడితే మన మేస్త్రి వచ్చి అతికిస్తాడు. జెల్‌కోట్ పొంగినా పగిలినా అది తెలిసిన మనిషి రావాలి, అతను మన వీధిలో ఉండడు.

ఎన్ని రోజులు పడుతుంది? ఎప్పుడు మొదలుపెట్టాలి?

షెల్ సిద్ధంగా ఉంటే రెండు మూడు వారాల్లో ఈత కొట్టొచ్చు. కాంక్రీటుకు మూడు నెలలు అనుకోండి, నాలుగైనా ఆశ్చర్యపోకండి. పోత తర్వాత క్యూరింగ్, నీళ్ల పరీక్ష, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి రావాల్సినవే, తోసేస్తే తోసేసిన దగ్గరే లీకు. దీపావళి దాటాక తవ్వకం మొదలుపెడితే ఎండాకాలం సెలవులకు అందుతుంది. మార్చిలో ఫోన్ చేసి "పిల్లల పరీక్షలు అయ్యేసరికి కావాలి" అనేవాళ్లకు షెల్ ఒక్కటే దారి.

మా బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఇబ్బందా?

ఇబ్బందే, రెండింటికీ. గట్టి నీళ్లలోని సున్నం నీటి అంచున తెల్లటి గీతలా పేరుకుంటుంది. ముదురు నీలం షెల్ మీద అది బాగా కనిపిస్తుంది, లేత రంగు టైల్ మీద కనిపించదు, అంతే తేడా. బ్లీచింగ్ పౌడరు వేస్తే నీళ్లలోకి ఇంకా సున్నం చేరుతుంది, కాబట్టి ఇలాంటి నీళ్లకు ద్రవ క్లోరిన్ మేలు. బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి పోయకండి, గ్రౌట్ తినేస్తుంది, జెల్‌కోట్ మెరుపు పోతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉండేలా చూసుకోండి. టెస్ట్ కిట్ చిన్నది దొరుకుతుంది, వారానికి రెండుసార్లు చూస్తే చాలు.

బోరులో ఇనుము ఉంటే క్లోరిన్ వేసిన గంటకే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. భయపడి నీళ్లు పారబోయకండి. ఫిల్టరు రాత్రంతా నడిపి బ్యాక్‌వాష్ చేస్తే (ఫిల్టరులో నీళ్లు వెనక్కి తిప్పి కడిగితే) చాలావరకు దిగుతుంది. పూల్ నింపకముందే ఒక బకెట్ బోరు నీళ్లలో క్లోరిన్ వేసి చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది.

ఎన్ని నీళ్లు కావాలి? ఎండాకాలంలో రోజూ నింపాలా?

ఇరవై బై పది, సగటున నాలుగడుగుల లోతు పూల్‌కు 22,600 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. ఒక్కసారి నింపితే ఏళ్ల తరబడి అవే నీళ్లను ఫిల్టరు చేసుకుంటూ వాడతాం. మే నెలలో రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరైతే 110 నుంచి 130 లీటర్లు, అంటే ఏడెనిమిది బకెట్లు. రాత్రి పూట కవర్ కప్పితే బాగా తగ్గుతుంది. మిషన్ భగీరథ నీళ్లతో నింపుతామనేవాళ్లకు నేను పని చేయను.

నీళ్లు తగ్గుతున్నాయి. లీకా, ఆవిరా?

పూల్ మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, బకెట్ లోపల నీళ్లు బయటి నీళ్లంత ఎత్తుకే పోయండి. పంపు ఆపి ఒక రోజు వదిలేయండి. రెండూ ఒకేలా దిగితే ఆవిరి. పూల్ ఎక్కువ దిగితే లీకు. లీకైతే గోడ కంటే ముందు పైపులను అనుమానించండి. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం స్కిమ్మర్ కీలు, లైట్ బిగించిన చోటు, మెయిన్ డ్రెయిన్ దగ్గరే.

మా ఇల్లు పాత వరంగల్ సందులో. షెల్ వస్తుందా?

లారీ మామూలు వెడల్పు 2.6 మీటర్లు. పదడుగుల షెల్ అంతకు మించి ఉంటుంది, పక్కకు వాల్చి కట్టి తెస్తారు. మూల తిరగగలదా, బాల్కనీలు తగులుతాయా అని ముందే టేపు పట్టుకుని నడవాలి. పైన కరెంటు తీగలుంటే ఎన్‌పీడీసీఎల్ వాళ్ల దగ్గర ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైన్ బంద్ చేయించాకే క్రేన్ చేయి లేవాలి. ఇంటి వెనక పూల్ అయితే షెల్ ఇంటి మీదుగా వెళ్లాలి, అంటే పెద్ద క్రేన్, పెద్ద కిరాయి. కాంక్రీటైతే తట్టలతోనైనా లోపలికి వెళుతుంది.

పర్మిషన్ కావాలా?

కొత్త ఇల్లయితే ప్లాన్‌లోనే పూల్ చూపించండి. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి తీసుకోండి. జాగ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) హద్దులోనో శిఖంలోనో ఉంటే నాకు ఫోన్ చేయకండి.

పిల్లలున్నారు. లోతు ఎంత?

నాలుగడుగులు దాటనివ్వకండి. ఇంటి పూల్‌లో ఎవరూ పైనుంచి దూకాల్సిన పని లేదు. అడుగున పీల్చే డ్రెయిన్ ఒక్కటి కాకుండా రెండు పెట్టించండి, ఒకదానికి ఒళ్లో చెయ్యో అంటుకున్నా ఇంకోటి లాగుతుంది కాబట్టి పట్టు వదులుతుంది. నీళ్లలోని లైట్లు 12 వోల్టులవే. మోటరు బోర్డులో షాక్ కొట్టే లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ ఉండాలి. చుట్టూ నాలుగడుగుల గ్రిల్, గేటుకు పిల్లలకు అందని గడియ. గ్రిల్ అందం చెడగొడుతుందన్న క్లయింటుతో నేను వాదించను, గ్రిల్ బిగించాకే నీళ్లు వదులుతాను.

కోతులు దిగుతాయా?

దిగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం గుంపుగా వచ్చి గోడ మీద నుంచి దూకుతాయి, పిల్ల కోతులు మెట్ల దగ్గరే తడుపుకుంటాయి. తేలే క్లోరిన్ డబ్బాను పట్టుకెళ్లి పక్కింటి డాబా మీద వదిలేసిన సందర్భం నాకు తెలుసు. స్కిమ్మర్ మూతలు స్క్రూతో బిగించేవే తీసుకోండి, కవర్‌ను కొక్కేలతో గట్టుకు కట్టండి. వచ్చి పోయిన రోజు క్లోరిన్ కాస్త ఎక్కువ వేసి, రాత్రంతా ఫిల్టరు నడిపి, పొద్దున టెస్ట్ కిట్‌తో చూశాకే పిల్లల్ని దింపండి.